హార్మోను చికిత్స: పరీక్ష ఎవరి మీద, భయం ఎవరికి

2025 నవంబరు 10న అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక నిర్ణయం ప్రకటించింది. మెనోపాజ్ (ముట్లు ఆగిపోయే దశ) హార్మోను మందుల సమాచార పత్రంలో ఇరవై ఏళ్లకు పైగా నల్లని గడిలో ముద్రిస్తూ వచ్చిన గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు వ్యాధి హెచ్చరికలను తొలగించాలన్నది దాని సారాంశం. గర్భసంచి ఉన్న స్త్రీ ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఒక్కటే వాడితే గర్భాశయ లోపలి పొరకు క్యాన్సర్ రావచ్చన్న హెచ్చరికను మాత్రం అలాగే ఉంచింది. ఈ వార్త వచ్చాక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ పాత వాదం మళ్లీ మొదలైంది. ఆవిర్లతో, నిద్రలేమితో, ఎముకల నొప్పితో బాధపడుతున్న స్త్రీలకు ఈ మందులు రాయవచ్చని ఒక వర్గం వైద్యులు అంటుండగా, క్యాన్సర్ వస్తే ఎవరు బాధ్యులని మరో వర్గం అడుగుతోంది.

హార్మోను మందులు ఎప్పుడు పుట్టాయి, ఎలా ప్రచారం పొందాయి అన్నది చాలాసార్లు చెప్పుకున్నదే కాబట్టి దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను. ఈనాటి తగవంతా 2002 జులైలో ఉంది.

ఆ నెలలో అమెరికాలోని ‘విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్’ అనే పెద్ద పరిశోధనలో ఒక భాగాన్ని గడువుకు ముందే ఆపేశారు. అందులో పాల్గొన్నవారు 16,608 మంది. అందరికీ గర్భసంచి ఉంది. వయసు 50 నుంచి 79 ఏళ్ల మధ్య, సగటున 63. అంటే చాలామందికి ముట్లు ఆగిపోయి పదేళ్లు దాటిపోయింది. వారిలో సగం మందికి ఇచ్చినది గుర్రం మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్, దానితో కలిపి మెడ్రాక్సీప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోను. రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందన్న మాట ఒక్క రోజులో ప్రపంచమంతా పాకింది. అయితే 10,000 మంది స్త్రీలను ఏడాది పాటు గమనిస్తే మందు వాడనివారిలో 30 మందికి, వాడినవారిలో 38 మందికి ఆ జబ్బు వచ్చిందన్నదే ఆ శాతం వెనక ఉన్న లెక్క. ఆ ఎనిమిది మందీ మనుషులే, వారిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ 26 శాతం అని విన్న స్త్రీకి, ఆ వార్త చదివిన వైద్యుడికి అప్పుడు ఆ ఎనిమిది కనిపించలేదు.

ఆ పరిశోధనకు రెండో భాగం కూడా ఉంది. అందులోని 10,739 మందీ అప్పటికే గర్భసంచి తీయించుకున్నవారు. కాపాడవలసిన గర్భాశయ పొర వారికి లేదు గనుక రెండో హార్మోను అవసరం లేకుండా ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చారు. 2004లో ఆ భాగాన్ని కూడా ఆపేశారు, పక్షవాతం ముప్పు కొంత పెరగడమే దానికి కారణం. రొమ్ము క్యాన్సర్ మాత్రం పెరగలేదు. తుంటి ఎముక విరగడం తగ్గింది. 2020లో వెలువడిన దీర్ఘకాల ఫలితాల్లోనైతే ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవారిలో రొమ్ము క్యాన్సరూ, దానివల్ల మరణాలూ తక్కువగానే కనిపించాయి. మొదటి వార్తకు పడిన పెద్ద అక్షరాలు ఈ రెండో వార్తకు పడలేదు.

మన జిల్లాల కథకు ఈ రెండో భాగమే కీలకమని నా అభిప్రాయం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో ఈ ఆపరేషన్లలో సుమారు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే. తెల్లబట్ట, నడుము నొప్పి, అధిక రక్తస్రావం, స్కానింగులో చిన్న గడ్డ: ఏ కారణంతో వెళ్లినా, పిల్లలు పుట్టేశారు గనుక సంచి ఇంకెందుకన్న మాటే చాలామంది విన్నారు. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ తొలి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. విజయనగరానికి ఆ పథకం మరుసటి ఏడాది వచ్చింది. పథకం చాలా ప్రాణాలు నిలిపింది, అందులో సందేహం లేదు. అయితే అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లపై ఫిర్యాదులు పెరగడంతో వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. ఇతర రాష్ట్రాల్లోని ఇలాంటి ఆపరేషన్లపై దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు ఇస్తూ, కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని ఆదేశించింది. ఆ తీర్పు ఇకముందు జరిగే ఆపరేషన్లను అదుపు చేస్తుంది. ముప్పై ఏళ్లకే సంచి పోయి ఇప్పుడు యాభైకి దగ్గరపడుతున్నవారికి దానివల్ల ఒరిగేది తక్కువ.

పలాస దగ్గర జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లే మా చిన్నమ్మ వారిలో ఒకరు. ముప్పై మూడో ఏట తెల్లబట్టకు చూపించుకోవడానికి ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే, తీయకపోతే క్యాన్సర్ అవుతుందని చెప్పి ఆపరేషన్ చేశారు. ఏడాది తిరగకముందే ఒళ్లంతా సెగలు మొదలయ్యాయి. రాత్రి చెమటకు జాకెట్టు తడిసి లేచి కూర్చునేది. బలానికి ఇంజక్షన్లు, కాల్షియం మాత్రలు తప్ప మరే వైద్యమూ అందలేదు. పోయిన ఏడాది గుమ్మం దగ్గర జారి చేయి ఆనించినంత మాత్రానికే మణికట్టు విరిగింది. విశాఖపట్నంలో చూసిన డాక్టరమ్మ మొదట అడిగింది పాత కాగితాల గురించి. బియ్యం డబ్బా అడుగున ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచిన డిశ్చార్జి చీటీలో ‘టీఏహెచ్ విత్ బీఎస్‌ఓ’ అని రాసి ఉంది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారని దాని అర్థం. ఆ సంగతి మా చిన్నమ్మకు అప్పటి వరకూ తెలియదు.

అండాశయాలు పోతే ఈస్ట్రోజెన్ ఆ రోజే పడిపోతుంది. మన దేశంలో సహజంగా ముట్లు ఆగే వయసు సుమారు 46. నలభై అయిదుకు ముందే అండాశయాలు తీసేసినవారికి, రొమ్ము క్యాన్సర్ వంటి అడ్డంకి లేకపోతే, కనీసం సహజ మెనోపాజ్ వయసు వరకైనా హార్మోను ఇవ్వాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 63 ఏళ్ల సగటు వయసు వారిపై, గర్భసంచి ఉన్నవారిపై, రెండు హార్మోన్లతో చేసిన పరీక్ష నుంచి పుట్టిన భయాన్ని ముప్పై అయిదేళ్ల స్త్రీకి, సంచి లేని స్త్రీకి, ఒకే హార్మోను అవసరమైన స్త్రీకి అంటగట్టడం వైద్యపరంగా నిలవదు.

జాగ్రత్త కోరే వైద్యుల మాటలోనూ న్యాయముంది. రక్తం గడ్డకట్టిన చరిత్ర, పక్షవాతం, కాలేయ జబ్బు, కారణం తేలని రక్తస్రావం ఉన్నవారికి ఈ మందులు తగవు. అరవై దాటాక, లేదా ముట్లు ఆగి పదేళ్లు గడిచాక కొత్తగా మొదలుపెట్టడం కూడా సాధారణంగా మంచిది కాదు. కవిటి, సోంపేట, మందస వంటి ఉద్దానం మండలాల్లో కిడ్నీ జబ్బు, దానితో వచ్చే బీపీ ఇంటింటా ఉన్నచోట మాత్ర రాసి పంపేస్తే చాలదు. చర్మానికి రాసుకునే ఈస్ట్రాడియోల్ (ఒక రకం ఈస్ట్రోజెన్) జెల్‌తో మాత్రల కంటే గడ్డకట్టే ముప్పు తక్కువే అయినా, మూడు నెలలకు ఒకసారి, ఆపైన ఏడాదికోసారి చూసేవారు ఉండాలి. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కోసం విశాఖ బస్సెక్కవలసిన స్త్రీ ఆ రోజు కూలి వదులుకోవాలన్నది ఈ వైద్యుల ప్రధాన అభ్యంతరం.

ఆ అభ్యంతరానికి కొంత జవాబు ఊళ్లోనే ఉంది. ముప్పై దాటిన స్త్రీలకు బీపీ, షుగర్, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ప్రాథమిక స్థాయిలోనే చేయాలన్నది జాతీయ కార్యక్రమం. హార్మోను ఇచ్చేముందు చూడవలసినవాటిలో సగం ఇవే. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఎప్పటినుంచో ఉంది, విజయనగరంలో 2023లో మొదలైంది. రెండు చోట్లా స్త్రీల వైద్య విభాగాలున్నాయి. వారానికి ఒక పూట మెనోపాజ్ కోసం కేటాయించడానికి కొత్త భవనం అక్కర్లేదు. ఆశా కార్యకర్త బీపీ చూసే రోజున ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి: సంచి ఎన్నో ఏట తీశారు, ఆ చీటీ ఇంట్లో ఉందా.

మా చిన్నమ్మకు ఇప్పుడు నలభై తొమ్మిది. బీపీ, మామోగ్రామ్ చూశాక, ఆలస్యం అయిందని చెబుతూనే, డాక్టరమ్మ తక్కువ మోతాదులో జెల్ రాశారు. మూడో వారానికి రాత్రి చెమటలు తగ్గాయి. మళ్లీ చూపించుకోవలసిన తేదీని ఆ పాత చీటీ వెనకే రాయించుకుంది.