బుజ్జమ్మ మొదటి హాలోవీన్‌కు ముందు మీకో ఉత్తరం

చిరంజీవులు కన్నకు, చిట్టికి అమ్మమ్మ ఆశీస్సులు.

వచ్చే మంగళవారం, అక్టోబర్ 27న, పిన్నీ బాబాయీ బుజ్జమ్మా నేనూ కాలిఫోర్నియాలోని శాన్ హోసే నుంచి బయలుదేరి రాత్రికి న్యూజెర్సీలోని మీ ఎడిసన్ చేరుకుంటాం. శనివారం హాలోవీన్, పిల్లలు వేషాలేసుకుని ఇంటింటికీ మిఠాయిల కోసం వెళ్లే పండగ. బుజ్జమ్మకు ఇప్పుడు 19 నెలలు. పోయిన ఏడాది ఒళ్లో పిల్ల, కాబట్టి తన కాళ్ల మీద నడిచి గడప గడపకూ వెళ్లే హాలోవీన్ ఇదే మొదటిది. ఏర్పాట్లన్నీ మీ అమ్మా పిన్నీ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు గానీ, అసలు పని మీ ఇద్దరిదే. ఆ వయసు పిల్లలకు కొత్తదేదైనా కనబడితే వెంటనే పక్కనున్న తెలిసిన మొహం వైపు తిరిగి చూస్తారు. ఆ మొహం నవ్వుతుంటే ముందుకు వెళ్తారు, బెదిరినట్టుంటే ఏడుపు అందుకుంటారు. శనివారానికి ఆ తెలిసిన మొహాలు మీవి కావాలి. అందుకే ముందుగా రాస్తున్నాను.

మేము గుమ్మంలోకి రాగానే ఎత్తుకుందామని పరుగెత్తకండి. వాళ్లమ్మ భుజంలో మొహం దాచేసుకుంటుంది, ఇక అరగంట దాకా బయటికి రాదు. నేల మీద కూర్చుని మీ ఆట మీరు ఆడుకోండి. ఖాళీ డబ్బాలో చెంచాలు వేస్తూ తీస్తూ ఉంటే చాలు. పది పదిహేను నిమిషాల్లో తనే వచ్చి ఒక చెంచా మీ చేతిలో పెడుతుంది. తీసుకుని మళ్లీ దాని చేతికే ఇవ్వండి. గురువారం ఇంటినిండా చుట్టాలు వచ్చాక ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారి మారి చిరాకు పడితే, మీ గదిలోకి తీసుకెళ్లి పావుగంట సద్దు లేకుండా కూర్చోబెట్టండి.

అన్నం తినకపోతే "బూచోడు వస్తాడు" అనడం మన ఇళ్లలో అలవాటు. ఈ వారం ఆ మాట ఎవరి నోటా రాకూడదు. పెద్దవాళ్లు అన్నా మీరు ఆపండి. మామూలు రోజుల్లో బూచోడు కంటికి కనబడడు. ఈ వారం మాత్రం మీ వీధిలో ప్రతి ఇంటి ముందూ నిలబడి ఉంటాడు. పైగా మనిషి దగ్గరికి రాగానే కళ్లు వెలిగి కేకలు వేసే బొమ్మలు కూడా పెడతారు. ఆ ఇళ్లు ఏవో శుక్రవారం పగలే చూసి గుర్తుపెట్టుకోండి, శనివారం అటు వెళ్లొద్దు.

మాస్కుల సంగతి ఇంకా ముఖ్యం. మాస్కు వెనకాల ఉన్నది అన్నయ్యే అని మీకు తెలుసు. 19 నెలల పిల్లకు మొహం మారితే మనిషే మారిపోయినట్టు. కన్నా, నీ పులి మాస్కు బుధవారం నుంచే నేల మీద పడేసి ఉంచు. దాన్ని బుజ్జమ్మ పట్టుకోనీ, తిరగేయనీ, లోపలి వైపు చూడనీ. మర్నాడు నువ్వు దాన్ని గడ్డం దగ్గర పట్టుకుని మాట్లాడు. ఆ తర్వాత సగం మొహానికి పెట్టి, "ఏడీ అన్నయ్య?" అని తీసేయ్, దాగుడుమూతల ఆటలాగే. ప్రతిసారీ నీ మొహం కనబడేలా నువ్వే తీయాలి, అది ఎదురుచూస్తూ ఉండిపోకూడదు. అప్పటికీ బెదిరితే శనివారం మాస్కు వద్దు, బుగ్గల మీద మూడు మీసాలు గీసుకుంటే పులే. రంగు కూడా దాని కళ్లెదుటే వేసుకో.

ఇప్పుడు నిద్ర లెక్క. ఇది తప్పితే మిగతావన్నీ తప్పుతాయి. మా దగ్గర బుజ్జమ్మ మధ్యాహ్నం 12:30 నుంచి 2:30 వరకు పడుకుంటుంది. మీ గడియారం మాకంటే 3 గంటలు ముందు, అంటే మీ దగ్గర అది 3:30 నుంచి 5:30. సరిగ్గా వీధిలోకి వెళ్లాల్సిన వేళ. ఆ నిద్ర చెడగొట్టి వేషం తొడిగితే ఏ ఇంటి మెట్లెక్కినా ఏడుపే. పొద్దున తన గడియారం ప్రకారం లేస్తే మీకు 9:30 అవుతుంది. అందుకని బుధవారం 8:30కి, గురువారం 8కి, శుక్రవారం 7:30కి, శనివారం 7కి లేపాలి. ఒక్కసారిగా రెండున్నర గంటలు ముందుకు జరిపితే రోజంతా తూగుతూ సాయంత్రం నిద్రపోతుంది, రాత్రి 2కి లేచి ఆడుకుంటుంది. లేపే పని చిట్టిది. ముందు కర్టెన్ తీయి, తర్వాత పేరు పెట్టి పిలువు. లేవగానే పెరట్లోకి తీసుకెళ్లండి, ఉదయపు వెలుగు కళ్లలో పడితేనే ఒంట్లో గడియారం కదులుతుంది.

పెరట్లో ఈపాటికి మేపుల్, ఓక్ ఆకులు రాలి ఉంటాయి. శాన్ హోసేలో ఇన్ని ఆకులు రాలడం అది చూడలేదు. ఆకుల రంగు ఎందుకు మారుతుందని మీ స్కూల్లో చెప్పే ఉంటారు. పగలు తగ్గి చలి మొదలయ్యాక చెట్టు పత్రహరితాన్ని చేయడం ఆపేస్తుంది. ఆకుపచ్చ కరిగిపోగానే ఎప్పటినుంచో లోపలే ఉన్న పసుపు, నారింజ రంగులు బయటపడతాయి. గుమ్మడికాయకు రంగునిచ్చేవీ ఆ జాతి పదార్థాలే. ఎరుపు మాత్రం అప్పటికప్పుడు ఆకులో మిగిలిన చక్కెరతో తయారవుతుంది. కుప్ప వేసే ముందు రేక్‌తో కొమ్మలూ ఓక్ కాయలూ ఏరేయండి. ఓక్ కాయ సరిగ్గా చిన్నపిల్ల గొంతులో ఇరుక్కునే సైజు, పైగా బుజ్జమ్మది దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. లోపలికి రాగానే చెవుల వెనక, మెడ, చంకలు, మోకాళ్ల వెనక రక్తం పీల్చే టిక్ పురుగులు అంటుకున్నాయేమో చూడాలి. న్యూజెర్సీలో లైమ్ జబ్బు తెచ్చే టిక్‌లు అక్టోబర్, నవంబర్‌లలో కూడా బాగానే తిరుగుతాయి.

గుమ్మడికాయలు గురువారం కొందాం. రెండు రకాలు కావాలి. చెక్కడానికి నాలుగైదు కిలోల పెద్ద కాయ: అడుగు చదునుగా ఉండాలి, గోరుతో గుచ్చితే దిగకూడదు, తట్టితే డొల్ల మోత రావాలి. తొడిమ పట్టుకుని ఎత్తొద్దు. అది ఊడితే ఆ చోటినుంచే కుళ్లు మొదలవుతుంది. వండడానికి కిలో, కిలోన్నర ఉండే షుగర్ పంప్‌కిన్. పెద్ద కాయ గుజ్జు పీచుగా, నీళ్లనీళ్లగా ఉంటుంది, పులుసులో వేస్తే రుచి రాదు. చిన్న కాయతో నేను బెల్లం వేసి పులుసు పెడతాను. బుజ్జమ్మకు అదే ముక్క కారం లేకుండా ఉడికించి, మెదిపి, నెయ్యన్నంలో కలిపితే చాలు.

గుమ్మానికి కాయ ఎందుకు పెడతారని అది అడగలేదు గానీ మీరు అడుగుతారు. ఐర్లండ్, స్కాట్లాండ్‌లలో పూర్వం నవంబర్ 1కి ముందు రాత్రి, చలికాలం మొదలయ్యే సంధిలో, చెడ్డవి ఇంటివైపు రాకుండా టర్నిప్ దుంపల మీద భయంకరమైన మొహాలు చెక్కి లోపల దీపం పెట్టేవారు. అక్కడినుంచి వచ్చినవాళ్లకు అమెరికాలో గుమ్మడికాయ దొరికింది. టర్నిప్ కంటే పెద్దది, తొలవడం తేలిక. మన ఊళ్లో కొత్త ఇంటి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టేదీ, కడుతున్న ఇంటి ముందు కోరల బొమ్మ వేలాడదీసేదీ చెడు చూపు లోపలికి రాకూడదనే. రెండింటికీ చుట్టరికం లేదు, ఎవరికి వాళ్లు చేసుకున్నదే. అయినా మీ వాకిట్లో ఆ కాయను చూస్తే నాకు కొత్తగా అనిపించదు.

చెక్కేది శుక్రవారం మధ్యాహ్నం, బుజ్జమ్మ పడుకున్నప్పుడు. వారం ముందు చెక్కితే లోపల బూజు పట్టి, నోరు కుంగిపోయి, పళ్లూడిన ముసలమ్మలా అవుతుంది. కోసిన కాయ మూడు నాలుగు రోజులే బాగుంటుంది. మూత కోసేటప్పుడు కత్తిని నిటారుగా దించొద్దు, లోపలివైపు ఏటవాలుగా దించాలి. లేకపోతే మూత కాయలోకి పడిపోతుంది. కత్తి పని నాన్నది. గరిటెతో గోకడం మీది, మొహం చెక్కే వైపు గోడ ఒక అంగుళం మందం మిగిలే దాకా గోకండి. మందంగా ఉంటే కత్తి దిగదు, మరీ పల్చనైతే వాడిపోతుంది. బుజ్జమ్మకు విడిగా ఒక చిన్న కాయ ఇచ్చి రంగు అద్దనివ్వండి, లేదా పెద్ద పెద్ద స్టిక్కర్లు అంటించనివ్వండి. కోయని కాయ గనక నెలపైగా నిలుస్తుంది.

గింజలు పారేయకండి. పీచు కడిగి, ఉప్పునీళ్లలో 10 నిమిషాలు ఉడికించి, వార్చి, బట్ట మీద పూర్తిగా ఆరబెట్టండి. తడి ఉంటే వేగవు, సాగుతాయి. ఒక కప్పు గింజలకు ఒక టేబుల్ స్పూన్ నూనె, పావు టీస్పూన్ కారం, చిటికెడు ధనియాల పొడి కలిపి, ఓవెన్‌లో 325 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 20 నుంచి 25 నిమిషాలు, మధ్యలో ఒకసారి కలుపుతూ వేయించాలి. ఇవి మీకే. బుజ్జమ్మకు ఒక్కటి కూడా వద్దు.

కాయలో కొవ్వొత్తి పెట్టొద్దు, వేషం అంచు తగిలితే అంటుకుంటుంది. బ్యాటరీ దీపం పెట్టండి, కానీ ముందు దాన్ని తిరగేసి చూడండి. బ్యాటరీ మూతకు స్క్రూ ఉండాలి. ఆ చిన్న దీపాల్లో ఉండేది రూపాయి బిళ్లలాంటి గుండ్రటి బ్యాటరీ. పిల్ల మింగితే గొంతులో అంటుకుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగిందేమోనని అనుమానం వచ్చినా చాలు, చూద్దాంలే అనుకోకుండా వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి, ఎమర్జెన్సీకి వెళ్లాల్సిందే.

వేషం గురించి మీ పిన్నితో మాట్లాడాను. గుమ్మడికాయ వేషమే, స్వెట్టర్ మీద పట్టేలా ఒక సైజు పెద్దది. డైపర్ మార్చడానికి కింద బటన్లున్నవే తీసుకున్నాం. తలకు పెట్టే ఆకుల టోపీ రెండు నిమిషాల్లో తీసి విసిరేస్తుంది. టోపీ లేకపోయినా గుమ్మడికాయలాగే కనబడుతుంది, బలవంతంగా పెట్టకండి. కారులో మాత్రం వేషం విప్పి కూర్చోబెట్టాలి. దూది కూరిన బట్ట మీద కార్ సీట్ బెల్టు బిగిస్తే బిగుతుగా ఉన్నట్టే ఉంటుంది, బ్రేకు పడినప్పుడు దూది నలిగి బెల్టు వదులైపోతుంది.

శనివారం 12:30కల్లా పడుకోవాలి. 4కి అన్నం, 4:30కి వీధిలోకి. మీ దగ్గర 6 కాకముందే పొద్దు గూకుతుంది. 1975 నుంచి 2016 వరకు అమెరికా రోడ్డు లెక్కలు పరిశీలించిన వైద్యులు, హాలోవీన్ సాయంత్రం నడిచేవాళ్లు వాహనాల కింద పడి చనిపోయే ముప్పు ముందు వారం, తర్వాత వారం ఇదే వేళతో పోలిస్తే 43 శాతం ఎక్కువని తేల్చారు. అందులోనూ 6 గంటల ప్రాంతం మరీ చెడ్డది. అప్పటికి బుజ్జమ్మ ఇంట్లో ఉండాలి. మీరు మీ స్నేహితులతో ఆ తర్వాత వెళ్లండి, టార్చి పట్టుకుని, కాలిబాట మీదే.

నాలుగు ఇళ్లు చాలు, అన్నీ తెలిసినవాళ్లవే. ఇంకా వెలుతురుంటుంది కాబట్టి పోర్చ్ లైట్లు వేసి ఉండకపోవచ్చు, ముందురోజే ఆ నలుగురికీ చెప్పి ఉంచండి. మెట్ల మీద ఒకరు ఒక చేయి, ఒకరు ఇంకో చేయి. చిట్టీ, నువ్వే "ట్రిక్ ఆర్ ట్రీట్" అను. అది అనాలని ఎవరూ పట్టుబట్టొద్దు, చేయి ఊపినా చాలు. ఒక్కటే తీసుకోవాలి, థాంక్యూ చెప్పాలి. గుమ్మంలో ఆకుపచ్చా నీలం కలిసిన టీల్ రంగు కాయ కనబడితే అక్కడ తినేవి కాక బొమ్మలో స్టిక్కర్లో ఇస్తారని గుర్తు. తిండి అలర్జీలున్న పిల్లల కోసం ఫేర్ అనే సంస్థ 2014 నుంచి దేశమంతా దీన్ని ప్రచారం చేస్తోంది. మీ వాకిట్లో కూడా ఒకటి పెట్టండి.

బుజ్జమ్మకు క్యాండీ తినడం కంటే బకెట్లో వేయడం, తీయడం ఇష్టం. కాబట్టి అచ్చం అలాంటిదే రెండో బకెట్ ఇంట్లో ఉంచండి, అందులో అరటిపండు, బట్టతో కుట్టిన బంతి, చెక్క దిమ్మలు. లోపలికి రాగానే మార్చేయండి. రెండేళ్లలోపు పిల్లలకు చక్కెర కలిపినవేవీ పెట్టొద్దని వైద్యులు చెబుతారు. గట్టి క్యాండీ, క్యారమెల్, గమ్, పాప్‌కార్న్, వేరుశనగలు నాలుగేళ్లు వచ్చేదాకా వద్దు, దాని గాలిగొట్టం మీరు జ్యూస్ తాగే స్ట్రా అంత సన్నం. బొమ్మలైనా సరే, టాయిలెట్ పేపర్ లోపలి అట్ట గొట్టంలోంచి పడిపోయేంత చిన్నదైతే దాని చేతికి ఇవ్వకూడదు. చాక్లెట్ మీ కుక్కకూ విషమే, బకెట్లు నేల మీద వదలకండి.

ఇంటికొచ్చాక నేను దిష్టి తీస్తాను. ఎండుమిరపకాయలు కాల్చను, మీ ఇంట్లో స్మోక్ అలారం కూస్తుంది, పిల్ల ఉలిక్కిపడుతుంది. గుప్పెడు కళ్లుప్పు మూడుసార్లు తిప్పి నీళ్లలో వేస్తే చాలు. మీ ఇద్దరూ కూడా వరసలో కూర్చోండి.

వసంతంలో ముందుకు జరిపిన గడియారాలు ఆ రాత్రే 2 గంటలకు మళ్లీ ఒక గంట వెనక్కి వెళ్తాయి. బుజ్జమ్మకు అది తెలియదు కాబట్టి ఆదివారం పొద్దున 6కే లేస్తుంది. మీ అమ్మా పిన్నీ ఇంకాసేపు పడుకుంటారు. దాన్ని మెల్లగా వాకిట్లోకి తీసుకెళ్లండి. వెలుతురులో, దీపం లేకుండా, ఆ చెక్కిన కాయను ముట్టుకోనివ్వండి. నోట్లోకి వేలు పెట్టి చూస్తుంది.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ