డ్రాగన్ సేనానికి ఇంటిపేరు పెట్టారా?

చిరంజీవి చిన్నూకీ, ఆదివారం మా హాల్లో చేరే దండుకంతటికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న మీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, అదే, పాచికలు వేస్తూ ఒక్కొక్కరూ ఒక్కో వీరుడై కథ నడిపే మీ ఆటలో, పాచిక ఒకటి సోఫా కింద దూరితే చీపురు పెట్టి లాగింది నేనే. ఇరవై ముఖాల పాచిక. అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూశాను కానీ కళ్ళజోడు లేక అంకెలు కనపడలేదు. అప్పుడే కదా చిన్నూ నువ్వు అడిగావు: "తాతయ్యా, మా డ్రాగన్ వార్‌లార్డ్‌కి అన్నీ ఇచ్చేశాం. రెక్కలున్నాయి, రెండు గొడ్డళ్ళున్నాయి, నిప్పు కక్కుతాడు. అయినా ఆడుతుంటే బోర్ కొడుతున్నాడు. ఎందుకు?"

"ఆలోచించి చెప్తాలే" అన్నాను. మీరంతా నవ్వారు. తాతయ్యకు ఇవన్నీ ఏం తెలుసులే అని. నిజంగానే తెలియదు. కానీ నువ్వు టీపాయ్ మీద మరిచిపోయిన ఆ ఆట నియమాల లావుపాటి పుస్తకం నాలుగు రాత్రులు భూతద్దం పెట్టుకుని చదివాను. "ఈ వయసులో రాక్షసుల పుస్తకాలేంటి" అని అమ్మమ్మ రెండుసార్లు లైటు ఆర్పేసింది. ఉత్తరం ఆలస్యమైతే ఆ తప్పు ఆవిడదే.

ముందు చిన్న చీవాట్లు. మీ కాగితం మీద బలం, చురుకు, ఓర్పు, తెలివి, వివేకం, కరిష్మా, ఆరింటికీ 18 అని, అంటే పాచికలు వేస్తే వచ్చే అన్నిటికన్నా పెద్ద అంకె, రాసి ఉంది. పాచికలు వేశారా, లేక పెన్ను మాత్రమే తీశారా? ఆరు ముఖాల పాచికలు మూడు వేస్తే మూడింటి మీదా ఆరు పడేది 216 సార్లకు ఒక్కసారి. మీ పుస్తకం చెప్పినట్టు నాలుగు వేసి తక్కువది పక్కన పెట్టినా, సుమారు 62 సార్లకు ఒకసారి. అది మీకు వరసగా ఆరుసార్లు పడిందంటే, వచ్చే ఆదివారం నన్ను కూడా వెంటబెట్టుకుని లాటరీ టికెట్ కొనండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ వార్‌లార్డ్, అదే మన భాషలో సేనాని, ఎందుకు బోర్ కొడుతున్నాడో నాకు మా నాన్న గుర్తొచ్చాక అర్థమైంది. మా నాన్న బస్ కండక్టర్.

నవ్వకండి. నా చిన్నప్పుడు, 1960ల్లో, సెలవుల్లో ఆయన బస్సులో నన్ను కూడా తీసుకెళ్ళేవాడు. వెనక తలుపు దగ్గర సీటు అంచున కూర్చుంటే ఊరంతా కదులుతూ కనిపించేది. మన హైదరాబాదులో సర్కారు బస్సులు 1932లో నిజాం కాలంలో 27 బస్సులతో మొదలయ్యాయట. బస్సు నెంబర్లలో కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని మా నాన్న ఎవరు ఎక్కినా చెప్పేవాడు. టికెట్ అడగకముందే చెప్పేవాడు.

ఆయన సన్నగా ఉండేవాడు. ఒక బియ్యం బస్తా ఎత్తమంటే ఇద్దరిని పిలిచేవాడు. బలం ఎంత అని మీరు అడిగితే 8 అని రాసుకోండి. బండి నడపడం రాదు. కానీ బస్సు మొత్తం ఆయన గొంతు మీద నడిచేది. "ఆగే బఢో, ఆగే బఢో, లోపలికి జర జరగుండ్రి" అంటే నిండిపోయిన బస్సులో ఇంకో పదిమందికి చోటు పుట్టేది. "రైట్" అంటే కదిలేది, "హోల్డాన్" అంటే ఆగేది. స్టీరింగ్ పట్టుకున్నది డ్రైవరే. అయినా వెనక గొంతు వినపడకపోతే ఆయన కాలు క్లచ్ మీదే ఉండిపోయేది.

ఒకసారి ఆగస్టులో, మధ్యాహ్నం మూడింటికే చీకటి పడ్డట్టు అయ్యి వాన మొదలైంది. చాదర్‌ఘాట్ దగ్గర పిక్కల లోతు నీళ్ళు. ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. ఒకాయన డ్రైవర్ని తిడుతున్నాడు, ఒకావిడ పూలగంప నెత్తిన పెట్టుకుని దిగుతానంటుంది. మా నాన్న ఎవరికీ జవాబు చెప్పలేదు. బస్సు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒక్కసారి చూశాడు. తర్వాత ఒక్కొక్కరినీ పిలవడం మొదలుపెట్టాడు. ధూల్‌పేట పహిల్వాన్ ఒకడు ఉంటే "ఉస్తాద్, వెనకాల నడిమిట్ల నువ్వుండాలె" అన్నాడు. గొడుగున్న మాస్టారుని ముందుకు పంపి గుంతలు ఎక్కడున్నాయో గొడుగు మొనతో పొడిచి చూడమన్నాడు. తిట్టే ఆయనకి లెక్కపెట్టే పని ఇచ్చాడు, "ఒకటి, రెండు, మూడు అని గట్టిగ అనుండ్రి సార్, మీ గొంతు బాగున్నది" అని. నా ఒళ్ళో టికెట్ల ట్రే, తోలు సంచీ పెట్టి "ఒక్క పైస తగ్గిందంటే నీదే జిమ్మేదారి" అన్నాడు. మూడో తోపుకి బస్సు కదిలింది.

తర్వాత కోఠీ దాకా బస్సులో ప్రతివాడూ తను ఎట్లా తోశాడో చెప్పుకున్నాడు. మా నాన్న ఏం చేశాడో ఒక్కరూ అనలేదు. ఆయన తడి చేత్తో టికెట్లు చించుతున్నాడు.

మీ సేనానిలో లేనిది అదే. వాడు ఒంటరిగా అన్నీ చేసేస్తున్నాడు. మిగతా నలుగురూ చూస్తూ కూర్చుంటున్నారు. అసలు ఆటే అట్లా పుట్టలేదు కదా. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అని ఇద్దరు అమెరికా వాళ్ళు 1974లో దీన్ని అచ్చువేసి అమ్మినప్పటి నుంచీ ఒక బల్ల చుట్టూ కూర్చుని కలిసి ఆడే ఆట ఇది.

బెంగుళూరులో ఉన్న మీ అన్నయ్యకి ఫోన్ చేసి అడిగాను. 2008లో వచ్చిన ఈ ఆట నాలుగో ఎడిషన్‌లో వార్‌లార్డ్ అని ఒక తరగతే, అంటే వీరుల్లో ఒక రకమే, ఉండేదట. మందూ మంత్రమూ లేకుండా, ఒక్క మాటతో కిందపడ్డవాడిని లేపేవాడట. తను కొట్టాల్సిన దెబ్బని పక్కవాడి చేత కొట్టించేవాడట. ఇది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో అమెరికాలో కూర్చుని మా నాన్నని చూసి రాసినట్టు ఉంది. మీ దగ్గరున్న 2014 పుస్తకంలో ఆ తరగతి లేదు. దానికి మీ అన్నయ్య చెప్పిన ఉపాయం: ఫైటర్ అనే తరగతిలో మొదలుపెట్టి మూడో లెవెల్‌లో బ్యాటిల్ మాస్టర్ దారి పట్టండి. అందులో కమాండర్స్ స్ట్రైక్ అని ఒక ఎత్తు ఉంది. తన దెబ్బ ఒకటి వదులుకుని స్నేహితుడి చేత కొట్టిస్తాడు. ర్యాలీ అని ఇంకోటి, పక్కవాడికి ధైర్యం చెప్పి కాసేపు ఎక్కువ దెబ్బలు ఓర్చుకునేట్టు చేసేది. ఆ రెండూ తీసుకోండి. బలం తగ్గినా ఫరవాలేదు, కరిష్మా మాత్రం తగ్గనివ్వకండి.

నిప్పు కక్కడం కూడా కండక్టర్ విజిల్ లాంటిదే. మా నాన్న విజిల్ అస్తమానం ఊదేవాడు కాదు, ఊదితే ట్రాఫిక్ పోలీసు కూడా తిరిగి చూసేవాడు. మీ పుస్తకంలోనూ ఒకసారి ఊపిరి వదిలాక మళ్ళీ విశ్రాంతి తీసుకునేదాకా కుదరదు. కనీసం ఒక గంట. అది డిపోలో చాయ్ టైమ్ అనుకోండి. ఒంటి మీది పొలుసులు ఖాకీ చొక్కా, దెబ్బలు ఓర్చుకునే అంకెలు ఏమో సంచీలో చిల్లర... సరే, ఇక్కడితో ఆపుతాను. పోలిక మరీ సాగదీస్తున్నానని అమ్మమ్మ పక్క నుంచి అంటోంది.

మీరు గీసిన సేనాని బొమ్మలో ఇంకో పొరపాటుంది. పుస్తకం మళ్ళీ చదవండి. డ్రాగన్‌బోర్న్‌కి, అదే మీ సేనాని జాతికి, రెక్కలూ లేవు, తోకా లేదు. ఆరడుగులు దాటిన ఎత్తు, రెండున్నర వందల పౌండ్ల బరువు, అంటే 113 కిలోలు. పూర్వీకుడైన డ్రాగన్ రంగుని బట్టి ఊపిరి మారుతుంది. ఎరుపు, బంగారం, ఇత్తడి రంగులకైతే నిప్పు. తెలుపు, వెండి అయితే చలి. నీలం, కంచు అయితే మెరుపు. నలుపు, రాగి అయితే ఆమ్లం. ఆకుపచ్చ అయితే విషం. ఎరుపే ఎందుకు? అందరూ ఎరుపే వేస్తారు. ఇంట్లో పాత కంచు చెంబు ఉంది, చింతపండుతో తోమక ముందు ఒకసారి, తోమాక ఒకసారి చూడండి. ఆ రెండు రంగుల మధ్య ఎక్కడో మీ సేనాని ఉన్నాడు.

ఇక నేను కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్న పేజీ సంగతి. డ్రాగన్‌బోర్న్‌లు ఇంటిపేరు ముందు రాసుకుని, సొంత పేరు వెనక రాసుకుంటారు. గౌరవం కోసమట! మనలాగే! మీ ఫారాల్లో ఫస్ట్ నేమ్ అనే గడిలో ఏం రాయాలో తెలియక ఎన్నిసార్లు కొట్టేసి రాశారో గుర్తుందా? వాళ్ళకీ అవే తిప్పలు, ఎక్కడికైనా వెళ్తే. ఇంకా ఉంది. తోటి పిల్లలు వాళ్ళని ముద్దుపేరుతో పిలుస్తారట. గుడ్డులోంచి వచ్చిన గంటల్లో నడుస్తారు, మూడేళ్ళకే పదేళ్ళ పిల్లాడంత అవుతారు, పదిహేనేళ్ళకి పెద్దవాళ్ళు, బతికేది ఎనభై ఏళ్ళ దాకా. వంశం వాళ్ళకి దేవుళ్ళ కన్నా ఎక్కువ. వంశం పరువు తీస్తే వెలివేస్తారు.

కాబట్టి గొడ్డలి తర్వాత. ముందు వాడి ఇంటిపేరు ఏంటి? మన ఇంటిపేర్లు ఊళ్ళ మీదా, పనుల మీదా, వస్తువుల మీదా వచ్చాయి. గుర్రం వారున్నారు, కత్తి వారున్నారు, బండి వారున్నారు. మీ సేనాని ఏ వారు? నిప్పుల వారా, గుడ్లగొండ వారా? ముద్దుపేరు ఏంటి? చిట్టి? యుద్ధం మధ్యలో ఎవరైనా పాత నేస్తం "ఒరేయ్ చిట్టీ" అని పిలిస్తే వాడి మొహం ఎట్లా మారుతుంది? అది ఆడి చూపించండి, నేను చాయ్ మానేసి చూస్తాను.

వాడికి ఒక భయం కూడా పెట్టండి. గోల్కొండ సంగతి మీకు స్కూల్లో చెప్పే ఉంటారు. ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు చుట్టుముట్టి కూర్చుంది. ఫిరంగులకి లొంగలేదు. 1687లో ఒక రాత్రి లోపలివాడే తలుపు తీశాడు. అబ్దుర్ రజాక్ లారీ అనే సేనాని మాత్రం ఒళ్ళంతా గాయాలతో చివరిదాకా పోరాడాడు. ఆయన పరాక్రమం చూసి శత్రువే వైద్యుల్ని పంపించాడు. ఆ కథ చదివినప్పుడల్లా నాకు ఒకటే దిగులు. అంత మొనగాడి వెనక ఆ రాత్రి ఎంతమంది మిగిలారు? మీ సేనానికి కూడా ఆ దిగులు ఉండాలి. నిద్ర పట్టని రాత్రి లేచి, కాపలా వాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకునే అలవాటు ఉందనుకోండి. చాలు. పది పేజీల పూర్వకథ రాయనక్కర్లేదు.

బొమ్మ గీయడానికి ఇంటర్నెట్ తెరవకండి. అందులో ప్రతి డ్రాగన్ ఒక్కలాగే ఉంటుంది, ఒకడే అందర్నీ గీసినట్టు. గోల్కొండకే వెళ్దాం. బాలాహిస్సార్ దర్వాజా దగ్గర కింద కొడితే పైన కోట మీద వినపడుతుందని అందరూ చప్పట్లు కొట్టాలని తొందరపడి లోపలికి పరిగెత్తుతారు. మీరు ఆగి, తల ఎత్తి చూడండి. కమాను పక్కన యాళులు, అదే గుళ్ళలో చెక్కే సింహంలాంటి మృగాలు, ఉన్నాయి. తలుపు పైన నెమళ్ళు, వాటి కింద రాతి దూలం మీద ఇంకా యాళులు. సింహం అంటే సింహం, కాదంటే కాదు. కుతుబ్‌షాహీల కోటకి గుడి స్తంభాల మృగం ఎట్లా వచ్చిందో నేను చెప్పబోవడం లేదు. చూశాక మీరే నన్ను అడుగుతారు. నోరు తెరిచి ఉందా, మూసి ఉందా? కాళ్ళు దేని మీద ఉన్నాయి? తోక ఎటు తిరిగింది? పెన్సిల్ తెచ్చుకోండి, రబ్బరు వద్దు. గీత తప్పినా అట్లాగే ఉంచండి, సేనానికి అదొక పాత గాయం అవుతుంది.

ఆదివారం ఎండ ఎక్కకముందు, ఎనిమిదిన్నరకల్లా మెహిదీపట్నం బస్టాపులో ఉండండి. నీళ్ళ సీసాలు ఎవరివి వాళ్ళే. బొమ్మ అయ్యాక మీరు పైదాకా ఎక్కండి. నా మోకాళ్ళు ఒప్పుకోవు, నేను కింద గుమ్మటం దగ్గరే ఉంటాను. మీరు పైకి చేరిన తర్వాత చప్పట్లు నేను కొడతాను. వినిపిస్తే ఫోన్ చెయ్యండి.

మీ తాతయ్య

తా.క. ఆ పాచిక నా చొక్కా జేబులోనే ఉండిపోయింది. రాత్రి మూడుసార్లు వేశాను. 4, 11, 4.