పోటు గీత ఎక్కడ?

ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 974 కిలోమీటర్లని చిన్నప్పుడు బడిలో బట్టీ పట్టాం. ఇప్పుడు ఆ లెక్క 1,053 కిలోమీటర్లు అయింది. ఈ మధ్యలో సముద్రం మనకు కొత్తగా ఇచ్చిందేమీ లేదు. పాత కొలత ముతక మ్యాపు మీద తీసింది. నదుల మొగలు, ఉప్పుటేర్ల మలుపులు అందులో సరిగ్గా పడలేదు. ఈసారి వివరమైన మ్యాపు తీసుకుని, తీరం ఎంత వంకరగా ఉంటే అంత వంకరగానూ కొలిచారు. దేశం మొత్తానికీ అంతే. 7,516 కిలోమీటర్ల తీరం 11,098 కిలోమీటర్లయింది.

ముందుగా ఈ సంగతి చెప్పడానికి కారణం ఉంది. మన దేశంలో తీరం గురించి నాలుగు దశాబ్దాలుగా నడుస్తున్న తగువంతా చివరికి ఇలాంటి ఒక గీత దగ్గరికే వచ్చి ఆగుతుంది. పోటు సమయంలో నీళ్లు ఎంతవరకు వస్తాయి? అక్కడి నుంచి ఎన్ని మీటర్లు ఖాళీగా వదలాలి? ఆ గీత గీసేది ఎవరు? రుషికొండ తవ్వకాల గొడవ నుంచి, తీరంలో కట్టడాలకు హద్దు పెట్టే సీఆర్‌జెడ్ అనే నిబంధన మాట టీవీ చూసే ప్రతి ఇంట్లోనూ వినబడింది. దాని వెనక కథ మాత్రం 1981లో మొదలైంది.

ఆ ఏడాది నవంబరులో ప్రధాని ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఒక ఉత్తరం రాశారు. బీచ్‌లు పాడవుతున్నాయని, పోటు బాగా వచ్చినప్పుడు నీళ్లు చేరే చోటు నుంచి కనీసం 500 మీటర్ల దాకా ఏ పనులూ లేకుండా చూడాలని, కోతకు గురయ్యే చోట చెట్లు నాటాలని అందులో చెప్పారు. చట్టం కాదు, జీవో కాదు, ఉత్తరమే. కానీ ఆ 500 అనే అంకె మాత్రం అక్కడి నుంచి నేటి దాకా వదలకుండా వచ్చింది. 500 మీటర్లే ఎందుకు, 400 ఎందుకు కాదు అంటే శాస్త్రీయమైన జవాబేమీ కనబడదు. గుండ్రంగా ఉన్న అంకె, గుర్తుండిపోయే అంకె.

భోపాల్ దుర్ఘటన తరవాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1991 ఫిబ్రవరి 19న కేంద్రం తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ఇచ్చింది. అదే సీఆర్‌జెడ్. ఆ 500 మీటర్ల తీరాన్నే నాలుగు తరగతులు చేశారు. మడ అడవులు, పగడపు దిబ్బల వంటివి మొదటి తరగతి. అప్పటికే కట్టడాలతో నిండిన పట్టణ తీరం రెండోది. పల్లెల తీరం మూడోది. దీవులు నాలుగోది. మూడో తరగతిలో మొదటి 200 మీటర్లు ఏమీ కట్టకూడని మేర.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ 200 మీటర్లు ఖాళీ నేల కాదు. జాలరిపేటలు ఉన్నదే అక్కడ. పడవ ఒడ్డుకు లాగి పెట్టుకోవాలన్నా, వల ఆరేయాలన్నా, చేప ఎండబెట్టాలన్నా, అర్ధరాత్రి గాలి మారితే లేచి చూసుకోవాలన్నా ఇల్లు ఇసుక పక్కనే ఉండాలి. ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవచ్చు గానీ, కొడుకు పెళ్లయితే పక్కన మరో గది వేసుకోవడానికి ఆ నోటిఫికేషన్‌లో చోటు లేదు. హోటళ్లను ఆపడానికి గీసిన గీత ముందుగా బెస్తవాళ్ల గుమ్మానికే అడ్డం పడింది. అయినా 1991 నాటి నోటిఫికేషన్‌ను గట్టిగా కాపాడుకోవాలని తరవాత పోరాడిందీ మత్స్యకారులే. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

నోటిఫికేషన్ ప్రకారం ప్రతి తీర రాష్ట్రమూ ఏడాదిలో తన తీరాన్ని కొలిచి, తరగతులు గుర్తించి, ప్రణాళిక తయారుచేసి పంపాలి. ఐదేళ్లయినా ఆ పని పూర్తి కాలేదు. ఒక స్వచ్ఛంద సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్రాలను మందలించి గడువు పెట్టింది. నదులు, ఉప్పుటేర్ల ఒడ్డున వదలాల్సిన మేరను 100 మీటర్ల నుంచి 50కి తగ్గిస్తూ 1994లో చేసిన సవరణను కొట్టేసింది. ప్రణాళికలు ఎలాగో తయారయ్యాయి. సవరణలు మాత్రం ఆగలేదు. 1991 నోటిఫికేషన్‌ను దాదాపు 25 సార్లు మార్చారు. ఎక్కువ భాగం సడలింపులే.

తెలుగు తీరానికి అసలు దెబ్బ, అసలు డబ్బు రెండూ వచ్చింది మాత్రం రొయ్యల చెరువుల నుంచి. 1990ల మొదట్లో నెల్లూరు, ప్రకాశం, కృష్ణా, గోదావరి జిల్లాల్లో తీరం వెంట పొలాలు చెరువులయ్యాయి. ఎకరం వరి మీద ఏళ్ల తరబడి చూడని డబ్బు నాలుగు నెలల పంటలో కనబడింది. బయటి కంపెనీలు వచ్చాయి. సముద్రపు నీళ్లు మోటార్లతో లోపలికి, మేత కలిసిన మురుగు నీళ్లు కాలవల్లోకి. పక్క పొలం చవుడు తేలింది. ఊరి బావి ఉప్పుబారింది. ఇసుక మీదుగా సముద్రానికి వెళ్లే దారికి అడ్డంగా చెరువు గట్లు లేచాయి. 1994 తరవాత తెల్లమచ్చల వ్యాధి వచ్చి చెరువులకు చెరువులే ఖాళీ అయినప్పుడు చాలామంది రైతుల దగ్గర మిగిలింది అప్పు, ఉప్పునేల.

తమిళనాడుకు చెందిన సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జస్టిస్ కుల్దీప్ సింగ్ ధర్మాసనం. సీఆర్‌జెడ్ పరిధిలో సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతా రొయ్యల చెరువులన్నీ 1997 మార్చి ఆఖరులోగా తీసేయాలని, పులికాట్, చిలికా సరస్సులకు 1,000 మీటర్ల లోపల కూడా ఉండకూడదని, పాడుచేసినవాళ్లే పరిహారం కట్టాలని చెప్పింది. అంత ఘాటైన తీర్పు తీరం విషయంలో అంతకుముందు రాలేదు.

అమలు కూడా కాలేదు. పునఃపరిశీలన పిటిషన్లు పడ్డాయి, స్టే వచ్చింది. చెరువులు చెరువులుగానే ఉన్నాయి. 2005లో పార్లమెంటు తీర ప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. అందులో ఒక సెక్షన్ 1991 నోటిఫికేషన్‌ను మార్చేసింది, అదీ 1991 ఫిబ్రవరి 19 నుంచే. అంటే నోటిఫికేషన్ పుట్టిన రోజు నుంచీ అది ఆక్వాకల్చర్‌ను నిషేధించనట్టే లెక్క. 14 ఏళ్లు వెనక్కి నడిచి గీతను చెరిపిన చట్టం అది. కొత్త చెరువులకు పోటు గీత నుంచి 200 మీటర్ల హద్దు మాత్రం ఉంచారు. 2023లో ఆ చట్టాన్నే సవరించి సీడు తయారుచేసే హేచరీలకు ఆ 200 మీటర్లలో కూడా వీలిచ్చారు. హేచరీకి శుభ్రమైన సముద్రపు నీళ్లు దగ్గరలో కావాలన్నది నిజమే. ఆ మాట జాలరి ఇంటి విషయంలో అందరికీ అంత తొందరగా ఎందుకు తట్టలేదో నాకు అర్థం కాదు.

2004 డిసెంబరు 26 సునామీలో మన రాష్ట్రంలో వందకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ ఏడాదే ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షతన వేసిన కమిటీ, అన్ని చోట్లా ఒకే కొలత కాకుండా ఏ తీరానికి ఎంత ముప్పు ఉందో చూసి హద్దు పెట్టాలంది. వినడానికి ఇంతకంటే సబబైన మాట ఉండదు. దాన్ని పట్టుకుని 2008లో కేంద్రం కొత్త ముసాయిదా తెచ్చింది. అందులో నిషేధాలు పోయి నిర్వహణ మిగిలింది. కంపెనీలకు తీరం తెరుస్తున్నారని గుజరాత్ నుంచి బెంగాల్ దాకా మత్స్యకార సంఘాలు యాత్ర చేశాయి. తమ ఇంటికి అడ్డంపడిన పాత గీతనే నిలబెట్టమని అడిగాయి, ఎందుకంటే పెద్దవాళ్లను కాస్తయినా ఆపుతున్నది అదొక్కటే. 2009లో ఆ ముసాయిదా మురిగిపోయింది.

2011 జనవరి 6న వచ్చిన కొత్త నోటిఫికేషన్‌లో మూడు మంచి పనులు జరిగాయి. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా నీళ్లను కూడా సీఆర్‌జెడ్‌లో చేర్చారు. అప్పటిదాకా తీర చట్టమంటే నేల చట్టమే. 100, 200 మీటర్ల మధ్య మత్స్యకారుల ఇళ్లకు వీలు కల్పించారు. కోరంగి మడ అడవులతో పాటు తూర్పుగోదావరి, కృష్ణా తీరాలను ప్రత్యేక శ్రద్ధ పెట్టాల్సిన సున్నిత ప్రాంతాల జాబితాలో పెట్టారు. ముప్పు గీత ఒకటి గీయాలని కూడా రాశారు. అల, కోత, సముద్ర మట్టం పెరగడం అన్నీ లెక్కవేసి సముద్రం ఎంత లోపలికి రాగలదో చెప్పే గీత.

ఆ ముప్పు గీతకు 2019 జనవరిలో వచ్చిన మరో నోటిఫికేషన్‌లో పట్టు తప్పింది. విపత్తుల సన్నద్ధతకు సాధనంగా అది ఉంటుంది, కట్టడాలకు హద్దుగా కాదు. చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనం ఉన్న పల్లెల్లో కట్టకూడని మేర 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు దిగింది. బీచ్‌లో తాత్కాలిక పర్యాటక వసతులకు పోటు గీత నుంచి 10 మీటర్లు చాలు. తాత్కాలికం అనే మాట మన దగ్గర ఎంతకాలం తాత్కాలికంగా ఉంటుందో వేరే చెప్పక్కరలేదు. భీమిలి ఇసుకలో లేచిన కాంక్రీటు గోడలను కూల్చడానికి 2024లో హైకోర్టు ఆదేశం కావాల్సి వచ్చింది. కాకినాడలో ఇళ్ల స్థలాల కోసం మడ చెట్లు కొట్టి పూడ్చారన్న ఫిర్యాదు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

గీతలు ఇలా సముద్రం వైపు జరుగుతుంటే, సముద్రం తన లెక్కలో తాను ఇటువైపు వస్తోంది. మన తూర్పు తీరంలో ఇసుక నిలకడగా ఉండదు. నైరుతి గాలుల కాలంలో ఉత్తరానికి, ఈశాన్య గాలుల కాలంలో దక్షిణానికి కదులుతుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి వెళ్లేదే ఎక్కువ. మధ్యలో ఎవరైనా రాతికట్ట వేస్తే దాని దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన తీరం తరిగిపోతుంది. మద్రాసు హార్బరు కట్టాకే మెరీనా అంత వెడల్పయింది, రాయపురం వైపు తీరం కోసుకుపోయింది. విశాఖలో ఈ సంగతి మొదటి నుంచీ తెలుసు. 1933లో తెరిచిన హార్బరులోకి ఇసుక రాకుండా, అలల జోరు తగ్గేలా డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర రెండు పాత ఓడలను ముంచి కట్టగా పెట్టారు. ఆగిన ఇసుకను తవ్వి అవతల బీచ్‌లో పోయడం అక్కడ ఇప్పటికీ నడుస్తున్న పని. ఆర్కే బీచ్ నిలిచింది కొంతవరకు ఆ పోసిన ఇసుక మీదే.

నదులు తెచ్చే ఒండ్రు కూడా తగ్గింది. 1960ల చివర కృష్ణ ఏటా 90 లక్షల టన్నుల ఒండ్రు తెచ్చేదట, 2000 తరవాత అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. గోదావరిది 15 కోట్ల టన్నుల నుంచి 6 కోట్ల లోపుకు వచ్చింది. ఆనకట్టల వెనక ఆగిన మట్టి అది. డెల్టా బతికేది ఏటా వచ్చే ఆ మట్టి మీద. తీర ప్రణాళిక కాగితాల్లో మాత్రం నాగార్జునసాగర్, శ్రీశైలం ఎక్కడా కనబడవు, అవి తీరంలో లేవు కాబట్టి.

నీళ్ల మీద కూడా ఒక గీత ఉంది. రాష్ట్ర చట్టం 1994 నాటిది. ఒడ్డు నుంచి మొదటి 8 కిలోమీటర్లు తెప్పలవాళ్లకు, చిన్న పడవలవాళ్లకు. మర పడవలు దాన్ని దాటి వేటాడాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేట నిషేధం కూడా ఉంది. సముద్రం మీద 8 కిలోమీటర్లు ఎక్కడో చూపించే రాయి ఉండదు. 2022 జనవరిలో విశాఖలో, చేపల గుంపును చుట్టేసి పట్టే రింగు వలల గొడవ పడవలు తగలబెట్టుకునే దాకా వెళ్లింది. రెండు పక్షాలూ మత్స్యకారులే. నేల మీది ప్రతి మీటరుకూ మూడు నోటిఫికేషన్లు, పదుల కొద్దీ సవరణలు చేసుకున్నవాళ్లం, ఇద్దరి వలలు కలిసే చోటుకు ఒక ప్రణాళిక మాత్రం రాసుకోలేకపోయాం.

కొత్త నోటిఫికేషన్ల కింద తీర మ్యాపులను చెన్నైలోని జాతీయ తీర నిర్వహణ కేంద్రం గుర్తించిన పోటు గీత ఆధారంగా తయారుచేయాలి, ప్రజాభిప్రాయం తీసుకోవాలి. మ్యాపుల్లో మత్స్యకార గ్రామాలు, వాళ్లు వాడుకునే చోట్లు కూడా చూపించాలి. కాకినాడ పక్కన ఉప్పాడలో అలాంటి చోట్లు పెద్దవాళ్లకు నోటికి తెలుసు. ఈ గుడి ఇక్కడుండేది, ఆ వీధి అక్కడిదాకా ఉండేది అని చేత్తో చూపిస్తారు. చూపించిన చోట అలలు ఉంటాయి. జియోట్యూబులు, అంటే ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు వేశారు, చిరిగిపోయాయి. రాళ్లు పోశారు, తుఫాను వచ్చినప్పుడల్లా కాకినాడ బీచ్ రోడ్డు తెగుతుంది, మళ్లీ రాళ్లు పోస్తారు. 200 మీటర్లు కొలవాలంటే టేపు ఒక కొస పట్టుకుని ఒకరు పోటు గీత దగ్గర నిలబడాలి. ఉప్పాడలో చాలా ఇళ్లకు ఆ గీత ఇప్పుడు వెనక గోడే.