క్రైస్తవ సంఘంలో బీదల నిధి: అపోహలు - వాస్తవాలు

అపోహ: కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు. అందుకని బీదల నిధికి లెక్క అడగకూడదు.

మత్తయి 6:3 దాత గొప్పలకు వేసిన కళ్లెం, ట్రెజరర్‌కు ఇచ్చిన మినహాయింపు కాదు. యెరూషలేములోని బీదలకు పోగైన చందాను పౌలు ఒక్కడే మోసుకెళ్లలేదు. ఎవరూ నింద వేయకుండా సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంట పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:19-21).

కానుకల పెట్టెకు రెండు తాళాలు వేసి, తాళంచెవులు రెండిళ్లలో ఉంచండి. ఆరాధన ముగియగానే ముగ్గురు లెక్కపెట్టి సంతకాలు చేయాలి. బీదల నిధికి బ్యాంకు ఖాతా వేరుగా ఉండాలి, డబ్బు తీయడానికి రెండు సంతకాలు కావాలి. రిజిస్టరులో తేదీ, మొత్తం, దేనికి ఇచ్చారు అన్నవి రాసి, కుటుంబం పేరుకు బదులు నంబరు వేయండి. ఏ నంబరు ఎవరిదో ఇద్దరు పెద్దలకు తెలిస్తే చాలు. నెలకోసారి జమ, ఖర్చు, నిల్వ, ఎన్ని కుటుంబాలకు అందిందో చదివి వినిపించాలి. దాచాల్సింది బీదవాడి పేరు, లెక్క కాదు. వేరే ఖాతా లేనిచోట జరిగేది ఒకటే: మందిరానికి స్లాబు వేసే రోజున 'తర్వాత సర్దుదాం' అని విధవరాళ్ల డబ్బు సిమెంటులో కలుపుతారు.

అపోహ: పని చేయనివాడు తినకూడదని బైబిలే చెప్పింది.

2 థెస్సలొనీక 3:10లో ఉన్నది పనిచేయ 'నొల్లని' వాడి గురించి. పని దొరకనివాడు, ఒళ్లు సహకరించనివాడు ఆ మాట కిందికి రారు. డెల్టా పల్లెల్లో నాట్లు ముగిశాక కోతల దాకా కూలి పని పలచబడుతుంది. మనమేమో చీరలు, బియ్యం క్రిస్మస్‌కు పంచుతాం. సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో కాబట్టి, కోత మిషను దిగని ఊళ్లలో అప్పటికి కూలి ఇంట నాలుగు గింజలు ఉంటాయి. బియ్యం అసలు అవసరం ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య. పిల్లల పుస్తకాలకు, యూనిఫాంకు జూన్‌లో కావాలి.

అపోహ: పిడికెడు బియ్యం పాతకాలపు పద్ధతి. ఇప్పుడు డబ్బిస్తే సరిపోతుంది.

మిజోరం సంఘాలు 1910 నుంచి ఈ పద్ధతిని వదలలేదు. ఎసరులో పోసే ముందు పూటకో పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. పిడికిలి 40 గ్రాములనుకుంటే, రోజుకొక్క పిడికెడు చొప్పున నెలకు 1.2 కిలోలు. నలభై ఇళ్లుంటే 48 కిలోలు, అంటే నెలకు పది కిలోల చొప్పున దాదాపు ఐదు కుటుంబాలకు. నోటు వేయలేని ఇల్లాలు కూడా ఇచ్చేవారి వరుసలో నిలబడుతుంది. ఈ మేలు ఏ కవరు కానుకతోనూ రాదు.

చెడేది కలిపేటప్పుడే. కొత్త బియ్యం, పాత బియ్యం, రేషన్ బియ్యం ఒకే గోనెలో పోస్తే కొంత మెత్తబడి ముద్దవుతుంది, కొంత పలుకు మిగులుతుంది. మూడు డబ్బాలు పెట్టండి. ముందు వచ్చింది ముందు వెళ్లాలి, రెండు నెలలు దాటితే ముక్కపురుగు పడుతుంది. తడి డబ్బాలో పోస్తే అంతకంటే ముందే ముక్కవాసన వస్తుంది.

అపోహ: పంపిణీ ఫొటో దాతలకు సాక్ష్యం.

లేనివారిని సిగ్గుపరుస్తారా అని పౌలు కొరింథు సంఘాన్ని నిలదీసింది ప్రభువు బల్ల దగ్గరే (1 కొరింథీ 11:22). 1833లో పారిస్‌లో ఓజానామ్, అతని స్నేహితులు మొదలుపెట్టిన విన్సెంట్ డి పాల్ సభ అనే కతోలిక సేవా సంఘం తీరు వేరు: ఇద్దరేసి బీదవాడి ఇంటికి వెళతారు, అతణ్ణి వరుసలో నిలబెట్టరు. ఇంకో తేలికైన దారి, కిరాణా కొట్లో సంఘం పేర ఖాతా తెరిచి, ఫలానా మొత్తం దాకా ఇమ్మని చీటీ రాసివ్వడం. దాతకు కొట్టు బిల్లు చూపితే చాలు.

అపోహ: క్రైస్తవులమని తెలిస్తే పింఛను పోతుంది.

వృద్ధాప్య, వితంతు పింఛన్లకు మతంతో పని లేదు. గందరగోళం కుల ధ్రువపత్రం దగ్గర వస్తుంది: 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా ఉండదు, ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారు తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు) కిందికి వస్తారు. పింఛను రాని విధవరాలికి నెలనెలా సంచి ఇచ్చే ముందు ఆధార్, భర్త మరణ ధ్రువపత్రం సరిచూడండి. పత్రం లేక ఆగిపోయిన దరఖాస్తు కోసం ఆఫీసుకు తోడు వెళ్లడం కూడా పరిచర్యే.

అపోహ: బీదలు ఎప్పుడూ ఉంటారని యేసే అన్నాడు, మనం చేసేదేముంది?

మార్కు 14:7లో ఆ వాక్యం ఇంకా ఉంది: మీకిష్టమైనప్పుడెల్లా వారికి మేలు చేయవచ్చు. చివరిదాకా చదవండి.

అపోహ: అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపితే అది మన డబ్బే.

పాస్‌పోర్టును బట్టి ఉంటుంది. భారత పౌరుడు తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన ఊరివాడు పంపితే విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేని సంఘం తీసుకోకూడదు, పాస్టరుగారి సొంత ఖాతాలో వేయించుకుని సంఘానికి ఖర్చుపెట్టడం అంతకంటే ప్రమాదం.