పసికందు నోట్లో చిన్న కోత, చిన్న నొప్పి కాదు: అపోహలు – వాస్తవాలు

నెల నిండని బిడ్డ నోట్లో పని పడేది ఎక్కువగా రెండు సందర్భాల్లో. ఒకటి, రొమ్ము పట్టనివ్వని నాలుక తీగను (నాలుకను నోటి అడుగుకు పట్టి ఉంచే పొరను) కత్తిరించడం. రెండోది, పుట్టుకతోనే వచ్చి ఊగుతున్న పన్ను తీయడం. మడమకు సూది గుచ్చేటప్పుడైతే బిడ్డను తల్లి రొమ్ముకే ఉంచి పని కానివ్వవచ్చు. నోటి పనిలో ఆ వీలు లేదు, ఊరట అందాల్సిన చోటే కత్తెర ఉంటుంది. అందుకే ఇక్కడ ఏ మందు అన్నదాని కన్నా ఏది ఎప్పుడు అన్నదే ఎక్కువ పని చేస్తుంది.

అపోహ: ఈ వయసులో నొప్పి తెలియదు, తెలిసినా గుర్తుండదు.

1980ల మధ్య వరకు చాలా ఆసుపత్రుల్లో నవజాత శిశువులకు పెద్ద ఆపరేషన్లు కూడా సరైన నొప్పి మందు లేకుండానే చేసేవారు. ఇండోర్‌లో వైద్యం చదివిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ 1987లో ప్రచురించిన పరిశోధనతో ఆ ధోరణి మారింది. నెలలు నిండని బిడ్డలకు ఆపరేషన్‌లో ఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు ఇస్తే ఒత్తిడి హార్మోన్లూ, తర్వాతి చిక్కులూ తగ్గాయని అందులో తేలింది. మెదడు నుంచి కిందికి దిగి నొప్పిని అణిచే వ్యవస్థ పసికందులో ఇంకా ఎదగలేదు. అంటే నొప్పి పెద్దవాళ్ల కన్నా ఎక్కువే తగలవచ్చు. గుర్తు సంగతికొస్తే, మత్తు లేకుండా సుంతీ చేసిన మగపిల్లలు 4–6 నెలల టీకాకు మిగతావారి కన్నా గట్టిగా స్పందించారని 1997లో ఒక కెనడా అధ్యయనం చూపింది.

అపోహ: తీగలో నరాలుండవు, గోరు తీసినట్టే.

కొందరు దాన్ని ‘నాలుక కింద నరం’ అంటారు, కొందరు అసలు నరమే లేదంటారు. రెండూ తప్పే. అది పొర మడత. నాలుక అడుగున స్పర్శ నరం కొమ్మలు ఆ పొర కిందే, చాలా పైపైన పోతాయని 2019లో శవపరీక్షల్లో కనబడింది. పలచగా, వెలుతురు దూరేలా ఉన్న భాగాన్ని మధ్య గీతలో 3–4 మి.మీ. కత్తిరిస్తే నొప్పీ రక్తమూ తక్కువ. ‘ఇంకాస్త లోతుగా’ అని పోతేనే నరమూ, రక్తనాళమూ, లాలాజల నాళమూ తగిలేది.

అపోహ: ముందు తిమ్మిరి జెల్ పూస్తే చాలు.

ఈ అలవాటు మానాలి. బెంజొకెయిన్ అనే తిమ్మిరి మందు పూసి తీగ కోసిన ఒక అధ్యయనంలో ఏడుపు తగ్గకపోగా కాస్త పెరిగింది. పసినోట్లో జెల్ నిలవదు, ఉమ్మితో కలిసి గొంతులోకి జారుతుంది. నాలుక మొద్దుబారితే కోత తర్వాత రొమ్ము పట్టడమూ కష్టం.

అసలు భయం రక్తం విషయంలో. బెంజొకెయిన్, ప్రిలొకెయిన్ అనే తిమ్మిరి మందులు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మార్చగలవు. దాన్ని సరిచేసే ఎంజైము తొలి 4–6 నెలల్లో తక్కువగా ఉంటుంది. పెదవులు నీలంగా మారి, ఆక్సిజన్ పెట్టినా ఆక్సిజన్ మీటరు 85 శాతం దగ్గరే నిలిచి, రక్తం చాక్లెట్ రంగులో ఉంటే అదే అనుకోవాలి. రెండేళ్లలోపు పిల్లల నోటికి బెంజొకెయిన్ వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో చెప్పింది. పళ్లు వచ్చేటప్పుడు లిగ్నొకెయిన్ అనే మరో తిమ్మిరి మందును, చిక్కటి 2% రూపంలో, పూయొద్దని 2014లోనే హెచ్చరించింది.

అపోహ: తీపి చుక్కలు ఉత్త బుజ్జగింపు.

కాదు. నాలుకకు తీపి తగిలితే మెదడు తన సొంత నొప్పి నివారకాలను విడుదల చేస్తుంది. గొట్టం ద్వారా నేరుగా కడుపులోకి పోస్తే ఈ ఫలితం రాదు.

మా వరుస ఇది. పాలు తాగి గంట, గంటన్నర అయిన బిడ్డను ఎంచుకుంటాం. అప్పుడే తాగితే కక్కుతుంది, మరీ ఆలస్యమైతే ఆకలి ఏడుపు మొదలవుతుంది. కత్తెర, గాజుగుడ్డ, లైటు సిద్ధమయ్యాకే బిడ్డను పొత్తిగుడ్డలో చుడతాం. 24% సుక్రోజు, లేదంటే ఆసుపత్రిలో దొరికే 25% డెక్స్‌ట్రోజు, నెలలు నిండిన బిడ్డకు 1 మి.లీ. నాలుక కొసన చుక్కచుక్కగా వేస్తాం. ఉగ్గుగిన్నెతో ఒక్కసారి పోస్తే పొలమారుతుంది. తర్వాత 2 నిమిషాలు గడియారం చూస్తూ ఆగాలి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: చుక్క వేసిన మరుక్షణం కోస్తారు, లేదా వేశాక సంతకాల కోసం పది నిమిషాలు వెతుక్కుంటారు. ఒక్క కత్తిరింపు, గాజుగుడ్డతో కాసేపు ఒత్తడం, వెంటనే తల్లి రొమ్ము. పక్క గదిలో కాదు, అక్కడే.

తేనె మాత్రం వద్దు. ఏడాదిలోపు బిడ్డకు బొట్యులిజం (కండరాలను చచ్చుబరిచే విషవ్యాధి) ప్రమాదం.

అపోహ: ముందే పారాసిటమాల్ వేస్తే కోత తెలియదు.

క్షణికమైన కోత నొప్పిని అది ఆపదు. తర్వాత బాధ ఉంటే డాక్టరు చెప్పిన మోతాదే, కిలోకు 10–15 మి.గ్రా. చుక్కల మందులో మి.లీ.కు 100 మి.గ్రా., సిరప్‌లో 5 మి.లీ.కు 125 లేదా 250. సీసా మారితే మోతాదు తారుమారే. 3 కిలోల బిడ్డకు చుక్కల మందు 0.3–0.45 మి.లీ. ఐబుప్రొఫెన్, నిద్ర సిరప్‌లు ఈ వయసుకు కావు.

అపోహ: పుట్టుపన్ను ఊగుతోందిగా, ఇంజెక్షనెందుకు?

చిగురు పట్టు ఉన్నంత నొప్పి ఉంటుంది. కొన్ని చుక్కల లిగ్నొకెయిన్ చాలు. ఆరు నెలల లోపు గరిష్ఠ మోతాదు 30% తగ్గించాలి. 3 కిలోల బిడ్డకు 9 మి.గ్రా. దాటకూడదు, అంటే 2% మందు 0.45 మి.లీ. దంతవైద్యుల కార్ట్రిడ్జ్ 1.8 మి.లీ.లో 36 మి.గ్రా. ఉంటుంది, పరిమితికి నాలుగింతలు! రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె పుట్టినప్పుడు ఇచ్చారో లేదో అడగనిదే పన్ను ముట్టుకోకూడదు. (మేనమామకు గండమని తీయించమంటే తీయొద్దు. గట్టిగా ఉన్నది చాలావరకు అసలు పాలపన్నే.)

అపోహ: లేజర్‌కు నొప్పి ఉండదు.

పసిబిడ్డల్లో అలా రుజువు కాలేదు. పైగా కత్తెర కన్నా ఎక్కువసేపు పట్టుకోవాలి.

అపోహ: ఏడుపు ఆగితే నొప్పి పోయినట్టే.

అలసి నిద్రపోయే బిడ్డ కూడా ఆపేస్తుంది. ముడిపడ్డ కనుబొమలు, బిగిసిన కళ్లు, ముక్కు పక్క గాడి, బిగిసిన చేతులు, ఎగసే ఊపిరి చూడాలి. ముఖం, ఏడుపు, ఊపిరి, చేతులు, కాళ్లు, మెలకువను బట్టి పసికందుల నొప్పిని లెక్కించే నిప్స్ స్కోరులో 7కి 3 దాటితే నొప్పి ఉన్నట్టే.

అపోహ: కోసిన చోటును రోజూ వేలితో రుద్ది సాగదీయాలి.

దీనివల్ల మేలుందని గట్టి ఆధారం లేదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2024 నివేదిక కూడా దీన్ని సమర్థించలేదు. రెండో రోజు కనిపించే తెల్లటి పసుపు మచ్చ చీము కాదు, మానుతున్న పుండు. రోజుకు ఆరుసార్లు దాన్ని రేపితే కోత కన్నా ఎక్కువ బాధ, నోటి దగ్గరికి ఏది వచ్చినా భయపడి బిడ్డ రొమ్మునే తోసేయవచ్చు. రక్తం ఒత్తినా ఆగకపోయినా, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా, వరుసగా రెండు మూడు పూటల పాలు మానేసినా ఆ రోజే చూపించాలి.