మత్తులో ఉన్న మనిషి పక్కన

ప్రియమైన పిల్లలకు,

మొన్న ఉగాదికి భోజనాలయ్యాక మీరు నలుగురూ వంటింట్లోకి వచ్చి, "అత్తయ్యా, నువ్వు హాస్పిటల్లో అసలు ఏం చేస్తావు? డాక్టరువా, నర్సువా?" అని అడిగారు. "రెండూ కాదు, ఓడీపీని" అన్నాను. ఆ మాటతో మీకేమీ అర్థం కాలేదని మీ ముఖాలే చెప్పాయి. ఇంతలో ఎవరో పిలిచారు, మాట అక్కడే ఆగిపోయింది. మీలో ఇద్దరు వచ్చే ఏడు ఎ-లెవెల్స్, అంటే మన ఇంటర్ లాంటి పరీక్షలు రాయబోతున్నారు. మెడిసిన్ సీటు రాకపోతే ఎలా అన్న టెన్షన్ ఇప్పటికే మీ ఇళ్ళలో మొదలైంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నా పని డాక్టర్ సీటు దొరకనివాళ్ళకి మిగిలే పని కాదు. కావాలని ఎంచుకుని చేయాల్సిన పని.

ఓడీపీ అంటే ఆపరేటింగ్ డిపార్ట్‌మెంట్ ప్రాక్టీషనర్. ఇందులో మూడు పనులుంటాయి, మొదటిది మత్తు దగ్గర. ఇంగ్లండ్‌లో ఆపరేషన్ థియేటర్‌కి ఆనుకుని ఒక చిన్న గది ఉంటుంది, మత్తు ఇచ్చే గది. పేషెంటు రాకముందే నేను అక్కడ ఉంటాను. మత్తు యంత్రంలో గొట్టాలు ఎక్కడైనా లీకవుతున్నాయా, ఆక్సిజన్ సరిగ్గా వస్తోందా, గొంతులో ఊరిన ద్రవాన్ని లాగే సక్షన్ పనిచేస్తోందా, అన్నీ చూస్తాను. యంత్రం మొత్తం చెడిపోయినా చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి ఒకటి విడిగా పెట్టుకుంటాను. గొంతులోకి చూసే లారింగోస్కోప్ లైటు వెలుగుతోందా అని వేసి చూస్తాను. ఊపిరి గొట్టం అనుకున్న సైజుది ఒకటి, దానికంటే చిన్నది ఒకటి దగ్గర పెట్టుకుంటాను.

తర్వాత పేషెంటు వస్తారు. పేరు, పుట్టిన తేదీ, ఏ ఆపరేషన్, ఏ వైపు, ఏ మందు పడదు, చివరిసారి ఎప్పుడు తిన్నారు, ఇవన్నీ వాళ్ళ నోటితోనే చెప్పించుకుంటాం. ఫైల్లో రాసి ఉంది కదా అని వదిలేయం. పాలలా తెల్లగా ఉండే ప్రొపొఫాల్ అనే మత్తుమందు చేతి నరంలోకి వెళ్ళిన అర నిమిషానికే మనిషి మత్తులోకి జారిపోతాడు. ఇక అడగడానికి ఉండదు. నొప్పిగా ఉందనీ, అది నా ఎడమ కాలు కాదనీ, ఊపిరి ఆడట్లేదనీ చెప్పే నోరు మూతపడింది. ఆ నిమిషం నుంచి ఆ మనిషి తరఫున మాట్లాడాల్సింది గదిలో ఉన్నవాళ్ళే.

ఆపరేషన్ రోజు పొద్దున ఏమీ తినొద్దని ఎందుకంటారో తెలుసా? మత్తులో కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. కానీ అపెండిక్స్ పగిలినవాళ్ళనీ, యాక్సిడెంటయి వచ్చినవాళ్ళనీ కడుపు ఖాళీ అయ్యేదాకా ఆపలేం కదా. అప్పుడు ఓడీపీ గొంతు కింద ఉంగరంలా ఉండే మృదులాస్థిని వేళ్ళతో వెనక్కి నొక్కి పట్టి ఆహారనాళాన్ని మూస్తుంది. బ్రయన్ సెలిక్ అనే మత్తు డాక్టర్ 1961లో వివరించిన పద్ధతి ఇది. మనిషి మత్తులోకి వెళ్ళాక 30 న్యూటన్ల బలం వాడమంటారు, అంటే సుమారు 3 కిలోల బరువు. తక్కువైతే ఫలితం ఉండదు, ఎక్కువైతే గొట్టం దిగడం కష్టమవుతుంది. డాక్టర్ వదలమనేదాకా వేలు కదలకూడదు. నేర్చుకునే రోజుల్లో ఇంట్లో వంటింటి త్రాసు మీద వేళ్ళు ఆనించి 3 కిలోలు చూపించేలా నొక్కి, కళ్ళు మూసుకుని మళ్ళీ నొక్కి, ఆ బలం వేళ్ళకి గుర్తుండిపోయేదాకా సాధన చేశాను.

మీకు తెలియని సంగతి ఇంకొకటి చెప్పాలి. మత్తు వైద్యం చరిత్రలో మన హైదరాబాదుకీ చోటుంది. 1888, 1889ల్లో ఆరో నిజాం ఖర్చుతో ఎడ్వర్డ్ లారీ అనే డాక్టర్ అక్కడ, అప్పట్లో మత్తుకి వాడిన క్లోరోఫాం మీద పెద్ద ఎత్తున ప్రయోగాలు చేయించాడు. క్లోరోఫాం నేరుగా గుండెని ఆపదు, శ్వాసని కనిపెట్టుకుని ఉంటే చాలు అని తేల్చాడు. గుండె ఆగిపోవచ్చని తర్వాతి పరిశోధనల్లో బయటపడింది. అంటే ఆయన సగమే సరి. కానీ పేషెంటు ఊపిరి మీంచి కన్ను తీయకు అన్న ఆ సగం నేను ఇవాళ్టికీ పాటిస్తున్నాను.

ఇక రెండో పని. స్టెరైల్ (క్రిములు లేని) గౌను, గ్లౌజులు వేసుకుని సర్జన్ పక్కన నిలబడి పనిముట్లు అందివ్వడం. సినిమాల్లో చూపించేది ఇదే. వాళ్ళు చూపించనిది లెక్క. రక్తం అద్దే గుడ్డల్ని స్వాబులంటాం. అవి ఐదేసి చొప్పున ఎర్ర దారంతో కట్టి వస్తాయి. పొరపాటున లోపల ఉండిపోతే ఎక్స్‌రేలో కనబడేలా ఒక్కోదానిలో ఒక గీత ఉంటుంది. మొదలుపెట్టే ముందు ఇద్దరం కలిసి ఒక్కో గుడ్డా విడదీసి చూస్తూ పైకి లెక్కపెడతాం. రెండో మనిషి బోర్డు మీద రాస్తుంది. కడుపు మూసే ముందు మళ్ళీ లెక్క. చర్మం కుట్టేటప్పుడు మళ్ళీ. సూదులూ అంతే, చివరికి ఆ ఎర్ర దారాలూ అంతే.

నా రెండో ఏడులో ఒక సాయంత్రం ఒక స్వాబు తక్కువొచ్చింది. బోర్డు మీద 20 ఉంది, నా లెక్కకి 19. సర్జన్ అప్పటికే కుట్లకి సూది అడుగుతున్నాడు. అందరూ అలిసిపోయి ఉన్నారు. నేను ట్రైనీని, ఆయన ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు. తెనాలిలో మా నాన్నగారు పెద్దవాళ్ళ మాటకి అడ్డు చెప్పొద్దని పెంచారు. గొంతు ఎండిపోయింది. నేనే తప్పు లెక్కపెట్టి ఉంటాననుకుని ఇంకోసారి లెక్కపెట్టాను. 19. అప్పుడు "ఒక స్వాబు తక్కువ ఉంది, దయచేసి ఆగండి" అన్నాను. "అన్నీ ఉంటాయి, మళ్ళీ చూడండి" అన్నాడాయన విసుగ్గా. "రెండుసార్లు చూశాను. 19 ఉన్నాయి" అన్నాను. ఆయన ఆగి, లోపల వెతికాడు. మేం కింద వెతికాం. చివరికి పేషెంటు మీద కప్పిన గుడ్డ మడతలో, రక్తానికి అంటుకుని దొరికింది. పదకొండు నిమిషాలు ఆలస్యమైంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. భయపడినందుకు కాదు, ఆ రెండోసారి లెక్కపెట్టేటప్పుడు నోరు మూసుకుందామన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చినందుకు.

ఆ ఆలోచన ఎంత ప్రమాదమో ఇక్కడ థియేటర్లో చేరే ప్రతివాళ్ళకీ ఒక నిజ సంఘటనతో నేర్పిస్తారు. 2005లో ఇంగ్లండ్‌లో ఇద్దరు చిన్నపిల్లల తల్లి సైనస్ ఆపరేషన్‌కి వెళ్ళింది. మత్తిచ్చాక ఊపిరి అందలేదు. అనుభవజ్ఞులైన ముగ్గురు డాక్టర్లు నోటి గుండా గొట్టం దించాలని ఇరవై నిమిషాలకు పైగా ప్రయత్నిస్తూనే ఉన్నారు. మెడ దగ్గర కోసి గాలి అందించే సామాను ఒక నర్సు తెచ్చి, సిద్ధంగా ఉందని చెప్పింది. ఎవరూ పట్టించుకోలేదు. ఇంకొకామె ఐసీయూలో బెడ్ అడిగింది, ఆ డాక్టర్ల చూపులు చూసి వద్దని చెప్పేసింది. ఏం చేయాలో తెలిసినవాళ్ళు ఆ గదిలో ఉన్నారు, కానీ గట్టిగా ఎలా చెప్పాలో వాళ్ళకి తెలియలేదు. ఆమె 13 రోజుల తర్వాత చనిపోయింది. ఆమె భర్త పైలట్. విమానాల్లో కో-పైలట్ కెప్టెన్‌తో ఎలా మాట్లాడాలో శిక్షణ ఇస్తారు, థియేటర్లలో ఎందుకివ్వరు అని ఆయన అడిగాడు. ఆ ప్రశ్న ఇక్కడి శిక్షణని మార్చింది.

2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ల కోసం 19 అంశాల చెక్‌లిస్ట్ తెచ్చింది. ఢిల్లీ, లండన్‌తో సహా 8 నగరాల్లో ఒక్కో ఆస్పత్రిలో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. కోత పెట్టే ముందు గదిలో ప్రతి ఒక్కరూ పేరు, చేసే పని చెప్పాలని అందులో ఉంది. మొదట్లో అది నాకు అనవసరమనిపించేది. ఒకసారి నోరు తెరిచి పేరు చెప్పిన మనిషికి రెండోసారి నోరు తెరవడం తేలిక అని ఆ స్వాబు రోజున అర్థమైంది.

మన ఇళ్ళలో పెరిగిన పిల్లలకి నేను ముఖ్యంగా చెప్పదలచుకుంది ఇదే. పెద్దలంటే గౌరవం ఉండాలి. థియేటర్లో ఆ గౌరవం నోరు మూసుకోవడం కాదు. "సార్, ఆగండి" అనడమే.

ఇందులో చేరేదెలా అని అడుగుతారేమో. ఒక దారి మామూలుగా యూనివర్సిటీలో చేరడం, ఏడాదికి 9,000 పౌండ్లు దాటిన ఫీజు. నేను వచ్చింది రెండో దారి, డిగ్రీ అప్రెంటిస్‌షిప్. ఆస్పత్రిలో ఉద్యోగిగా చేరి, జీతం తీసుకుంటూ, ఉద్యోగంలో భాగంగానే యూనివర్సిటీలో చదువుతాం. సుమారు మూడేళ్ళు. ఫీజు మనం కట్టం. 2017 ఏప్రిల్ నుంచి, ఏడాది జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన సంస్థలు అందులో అర శాతం శిక్షణ నిధికి కడుతున్నాయి, డబ్బు అక్కణ్ణుంచి వస్తుంది. పూర్తయ్యాక హెచ్‌సీపీసీ, అంటే ఇలాంటి ఆరోగ్య వృత్తులని నియంత్రించే సంస్థ, రిజిస్టర్‌లో పేరు నమోదైతేనే ఓడీపీ అని చెప్పుకోవచ్చు. 2004 నుంచి చట్టంలో అలాగే ఉంది. మొదటి ఉద్యోగం బ్యాండ్ 5 అనే జీతం మెట్టులో, కొత్తగా చేరే నర్సుకిచ్చే బ్యాండే. సీట్లు కాలేజీ ప్రకటనల్లో కాదు, ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఉద్యోగ ప్రకటనల్లో వెతకాలి. ఇంగ్లీషు, లెక్కల్లో జీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటిది) మంచి గ్రేడులుండాలి.

తేలికని మాత్రం అనుకోకండి. నేను చేరేసరికి నలభై దాటాయి. పగలంతా నిలబడి పనిచేసి, రాత్రి పదింటికి శరీర ధర్మశాస్త్రం మీద వ్యాసం రాయాలి. 2020 వసంతంలో కోవిడ్ రోగులతో ఐసీయూలు నిండిపోయినప్పుడు మా సీనియర్లనెందరినో అక్కడికి పంపారు, వెంటిలేటర్లు, ఊపిరి గొట్టాలు వాళ్ళకి తెలిసిన పని కాబట్టి. ఆ నెలల్లో నేర్చుకున్నది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

విజయవాడలో ఉన్న మీ అన్నయ్యకి కూడా ఈ ఉత్తరం చూపించండి. ఈ అప్రెంటిస్‌షిప్ నిధి రావాలంటే మామూలుగా మూడేళ్ళుగా ఇక్కడ నివాసం ఉండాలి. ఇండియా నుంచి నేరుగా ఇందులో సీటు ఇప్పిస్తామని ఏ ఏజెంటైనా డబ్బులడిగితే ఇవ్వొద్దని చెప్పండి. అక్కడే అనస్థీషియా టెక్నాలజీ, ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నాలజీ చదువులున్నాయి. 2021లో పార్లమెంటు చేసిన చట్టంతో ఆ వృత్తులకీ గుర్తింపు వచ్చింది.

మూడో పని రికవరీ, అంటే మత్తు దిగేదాకా మనిషిని కనిపెట్టుకుని ఉండడం. శ్వాస, రక్తపోటు, నొప్పి, వాంతి, చలి, అన్నీ చూసుకోవాలి. కొడుకు దగ్గరికి వచ్చి మెట్ల మీద జారి తుంటి విరిగిన ఒక మామ్మగారు పోయినేడు కళ్ళు తెరుస్తూనే తెలుగులో ఏదో గొణిగారు. మా వాళ్ళకి అర్థం కాక నన్ను పిలిచారు. "అమ్మా, ఆపరేషన్ అయిపోయింది. నొప్పిగా ఉందా?" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నొప్పి కాదు తల్లీ, దాహం" అన్నారు. దూదితో పెదాలు తడిపాను.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం నలుగురూ ఇంటికి రండి. గడువు దాటిన స్వాబుల కట్టలు నాలుగు, పాత లారింగోస్కోప్ ఒకటి నా దగ్గరున్నాయి. వంటింటి త్రాసు బల్ల మీద పెడతాను. ఎవరి వేలు 3 కిలోల దగ్గర కదలకుండా ఉంటుందో చూద్దాం.

ప్రేమతో,
మీ అత్తయ్య