బడి టీచరు పార్లమెంటుకు పోటీ చేస్తే: అపోహలు - వాస్తవాలు

పెరంబూరులో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. ఇక్కడి టీచర్ల సంఘం పనులూ చూస్తుంటాను. వచ్చే లోక్‌సభ ఎన్నికల్లో ఉత్తర చెన్నై నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడాలని నిర్ణయించుకున్నాను. అప్పటి నుంచి పిల్లల తల్లిదండ్రులు, తోటి టీచర్లు దాదాపు ఒకే ప్రశ్నలు అడుగుతున్నారు. ఇలాంటి ఆలోచన ఉన్న టీచర్లు మరికొందరు ఇక్కడా, బెంగళూరులోనూ నాకు తెలుసు. వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

అపోహ: టీచరు ఉద్యోగంలో ఉంటూ ఎన్నికల్లో నిలబడకూడదు.

వాస్తవం: అది ఏ బడి టీచరు అన్నదాన్ని బట్టి ఉంటుంది. గవర్నమెంటు టీచరైతే నిలబడకూడదు. ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు. పైగా రాజ్యాంగం 102వ అధికరణ ప్రకారం ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవాళ్లు ఎంపీ కావడానికి అనర్హులు. లాంగ్ లీవ్ పెడితే సరిపోతుందని కొందరు అనుకుంటున్నారు, సరిపోదు. రాజీనామా లేఖ ఇచ్చి ఊరుకున్నా చాలదు. దాన్ని ఆమోదించినట్టు ఉత్తర్వు చేతికొచ్చాకే నామినేషన్ వేయాలి.

పూర్తిగా ప్రైవేటు బడిలో పనిచేసేవాళ్లకు ఈ అడ్డు లేదు. అపాయింట్‌మెంట్ ఆర్డరులో యాజమాన్యం ఏ షరతు పెట్టిందో మాత్రం చదువుకోవాలి. మధ్యలో ఉన్న ఎయిడెడ్ టీచర్ల (ప్రభుత్వ గ్రాంటుతో నడిచే ప్రైవేటు బడుల్లో పనిచేసేవాళ్ల) విషయమే చిక్కు. అక్కడ రూల్స్ రాష్ట్రానికో రకం, కాబట్టి లాయరును అడగకుండా ముందుకు వెళ్లవద్దు. ఆంధ్రలో గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ నియమించిన టీచరు శత్రుచర్ల చంద్రశేఖరరాజు ఎమ్మెల్యేగా గెలిస్తే, ఆ గెలుపు చెల్లదంటూ కేసు వేశారు. అది ప్రభుత్వం కింద లాభదాయక పదవి కాదని 1992లో సుప్రీంకోర్టు తేల్చింది. జీతం ఎక్కడి నుంచి వస్తుందన్న ఒక్కటే కాదు, నియమించేది ఎవరు, తీసేసేది ఎవరు అన్నదీ కోర్టులు చూస్తాయి.

అపోహ: తోటి టీచర్లందరూ బూత్ ఏజెంట్లుగా కూర్చుంటారు.

వాస్తవం: ప్రభుత్వ ఉద్యోగి ఎవరైనా అభ్యర్థికి ఎలక్షన్ ఏజెంటుగా గానీ, పోలింగ్, కౌంటింగ్ ఏజెంటుగా గానీ ఉంటే ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 134ఏ కింద నేరం. మూడు నెలల దాకా జైలు పడవచ్చు. మన మీద అభిమానంతో వచ్చిన గవర్నమెంటు టీచరు ఇరుక్కుంటే ఆ పాపం మనదే. వాళ్లను దయచేసి ఇందులోకి లాగకండి.

అపోహ: మన పిల్లలు నాలుగు వీధులు తిరిగితే చాలు, ప్రచారం అయిపోతుంది.

వాస్తవం: ఈ మాట వింటేనే నాకు కోపం వస్తుంది. పిల్లలను ఏ రూపంలోనూ ప్రచారానికి వాడకూడదని ఎన్నికల సంఘం 2024 ఫిబ్రవరిలో గట్టిగా చెప్పింది. కరపత్రాలు పంచడం, నినాదాలు, పాటలు, ర్యాలీలు, అన్నిటికీ అది వర్తిస్తుంది. ఎన్నికల సంఘం చెప్పకపోయినా టీచరు ఆ పని చేయకూడదు. మార్కులు వేసే చేత్తో పాంప్లెట్ల కట్ట ఇస్తే ఏ పిల్లవాడు వద్దనగలడు? తరగతిలో నా పోటీ గురించి మాట్లాడను. పేరెంట్స్ మీటింగులోనూ ఎత్తను.

అపోహ: టీచర్లకు ఎమ్మెల్సీ సీట్లు ఉన్నాయి కదా, పార్లమెంటు ఎందుకు?

వాస్తవం: బెంగళూరులో ఉన్నవాళ్లు అడగదగిన ప్రశ్నే. కర్ణాటక శాసనమండలిలో 75 మందికి ఏడుగురు ఉపాధ్యాయ నియోజకవర్గాల నుంచి వస్తారు. తమిళనాడులో శాసనమండలినే 1986లో రద్దు చేశారు. ఇక్కడ మాకు ఆ దారి లేదు.

అపోహ: చదువు రాష్ట్రం పని. ఎంపీ చేసేదేముంది టీచరమ్మా?

వాస్తవం: నన్ను ఈ పోటీకి దింపింది ఈ ప్రశ్నే. 1976లో 42వ సవరణ విద్యను రాష్ట్ర జాబితా నుంచి, కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలోకి మార్చింది. విద్యాహక్కు చట్టం చేసింది పార్లమెంటు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మెడికల్ సీట్ల ప్రవేశ పరీక్ష నీట్ నుంచి మినహాయింపు కోరుతూ తమిళనాడు అసెంబ్లీ 2021లో బిల్లు పాస్ చేసినా దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. మా ప్లస్‌టూ పిల్లల టెన్షన్‌కు మూలం ఢిల్లీలో ఉన్నప్పుడు, అక్కడ మాట్లాడే మనిషికి తరగతి గది తెలిసి ఉండాలి.

అలాగని ఎంపీ అయితే బడులన్నీ బాగైపోతాయని నేను చెప్పను. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. దాంతో తరగతి గదులు, మరుగుదొడ్లు కట్టించమని సిఫారసు చేయవచ్చు. ఖర్చు పెట్టించేది జిల్లా యంత్రాంగం. టీచరు పోస్టు ఒక్కటి కూడా దాంతో భర్తీ చేయలేం. సభలో ప్రశ్న వేసి మంత్రి చేత రాతపూర్వకంగా జవాబు చెప్పించడమే ఎంపీ చేతిలో ఉన్న అసలు పని.

అపోహ: కోట్లు లేనిదే పోటీ లేదు.

వాస్తవం: డిపాజిట్ 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే అది పోతుంది. స్వతంత్రులకు నియోజకవర్గ ఓటర్లలో పది మంది ప్రతిపాదించాలి. ఖర్చుకు విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా లెక్క అప్పజెప్పాలి. ఓడినవాళ్లు దీన్ని మరిచిపోతుంటారు. కారణం లేకుండా ఎగ్గొడితే మూడేళ్లు పోటీకి అనర్హులవుతారు. పెద్ద రాష్ట్రాల్లో అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. నేను అందులో పదో వంతు కూడా పెట్టలేను. అందుకే ఇల్లిల్లూ తిరుగుతాను.

అపోహ: చెన్నైలో తెలుగు బడుల గోడు ఢిల్లీకి ఎందుకు?

వాస్తవం: ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు రాష్ట్రాలు చేయాలని 350ఏ అధికరణ చెబుతోంది. అది ఎలా అమలవుతోందో చూడటానికి 350బి కింద భాషా మైనారిటీల కమిషనర్ ఉన్నారు. ఆ నివేదికలను పార్లమెంటు ఉభయసభల ముందు పెట్టాలని రాజ్యాంగంలోనే రాసి ఉంది. సభ ముందుకు వచ్చిన కాగితం మీద చర్చ కోరే హక్కు ఎంపీకి ఉంది. తెలుగు టీచరు రిటైరైతే ఆ ఖాళీ ఎన్నాళ్లు అలాగే ఉంటోందో, ఒకటో తరగతిలో చేరడానికి వచ్చిన తెలుగు పిల్లలను ఏ మీడియంలో కూర్చోబెడుతున్నారో సభలో అడగాలి. నా కరపత్రంలో మొదటి హామీగా దీన్నే రాసుకున్నాను.